కిటికీలోంచి వేసిన పెళ్లిచీర

నేను వరంగల్‌కు తిరిగొచ్చి పది రోజులైంది. తమ్ముడి పెళ్లి ఎలా జరిగిందని ఎవరూ అడగడం లేదు. బస్సు ప్రయాణం ఎలా జరిగిందనే అడుగుతున్నారు. నేను నర్సుగా చేసే దవాఖానలో డాక్టరమ్మ మొదలుకొని సుబేదారిలో మా ఇంటికి పాలు పోసే లచ్చమ్మ దాకా అందరికీ చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీద అడిగినవాళ్ల చేతిలో ఈ కాగితాలు పెట్టి నా పని నేను చూసుకుంటాను.

ముందే చెబుతున్నాను, నేను బస్సు పక్షం. రైలు ఊళ్ల పెరళ్లు చూపించుకుంటూ పోతుంది. బస్సు నడిబజారులోంచి పోతుంది. ఏ ఊళ్లో వంకాయలు నవనవలాడుతున్నాయో, ఎవరింటి ముందు పందిరి వేశారో, ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో అన్నీ కిటికీలోంచే తెలిసిపోతాయి. ముప్పై అయిదేళ్లు వచ్చినా కిటికీ పక్క సీటు మీద నాకు మోజు తగ్గలేదు. ఆ మోజే ఈసారి నా కొంప ముంచబోయింది.

ప్రకాశం నా ఒక్కగానొక్క తమ్ముడు. వాడి మూడో ఏట అమ్మ పోయింది. అప్పటికి నాకు పద్నాలుగు. వాడికి జంగారెడ్డిగూడెం పిల్ల కుదిరినప్పుడు నన్ను ఒకటే అడిగాడు. అమ్మ ముఖం తనకు గుర్తు లేదట, పెళ్లిలో అమ్మది ఏదో ఒకటి ఉంటే బాగుంటుందట. మా క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికూతురు కట్టే తెల్లచీర మగపెళ్లివారే పట్టుకెళ్లాలి. అమ్మ పెళ్లిచీర నా పెట్టెలో ఉంది. పట్టు చివికిపోయింది గాని జరీ అంచు చెక్కుచెదరలేదు. ఆ అంచు విప్పించి కొత్త తెల్లపట్టుకు వేయిస్తానని వాడికి మాటిచ్చాను. దర్జీ ఇదిగో అదిగో అంటూ చివరిదాకా లాగాడు. నాన్న, చుట్టాలు, ప్రకాశం ఆదివారమే రైల్లో ఏలూరు మీదుగా వెళ్లిపోయారు. సోమవారం సాయంత్రం చీర నా చేతికొచ్చింది. పెళ్లి గురువారం పొద్దున పదింటికి.

దవాఖానలో ఉతికిన తెల్ల దుప్పటిముక్కలో చీర చుట్టి, నాలుగు పిన్నులు పెట్టాను. రైల్లోనే రమ్మని నాన్న మరీమరీ చెప్పి వెళ్లారు. కాని రైలు మోచేయిలా వంగి పోతుందని, రోడ్డు తిన్నగా పోతుందని నా వాదం. గోడ మీద పటంలో వేలితో గీసి మరీ చూపించాను. పటంలో వేలికి దుమ్ము అంటదు కదా.

హనుమకొండ

మంగళవారం పొద్దున్నే బస్టాండుకు వెళ్లేసరికి ఖమ్మం బస్సు చుట్టూ తిరునాళ్లలా జనం. మన దగ్గర బస్సెక్కడం రెండు భాగాలు. ముందు మనిషి బయటే ఉండి కిటికీలోంచి గుడ్డ వేయాలి. తర్వాత తలుపు దగ్గర తోసుకుని లోపలికి పోయి ఆ గుడ్డ దగ్గరికి చేరుకోవాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు. కాని జడ్జిగారి తీర్పునైనా కాదనే మనుషులున్నారు గాని, సీటు మీది గుడ్డను కాదనే మనిషిని నేను చూడలేదు. ఆ రోజు దాకా.

నేను చేతిరుమాలు వేశాను. లోపలికి వెళ్లేసరికి నా సీట్లో ఒక పెద్దమనిషి కూర్చుని, రుమాలును బుద్ధిగా మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. గాలికి ఎగిరొచ్చిందనుకున్నాడట. ఎంతో మర్యాదగా రుమాలు తిరిగిచ్చాడు గాని సీటు ఇవ్వలేదు.

వెనక సీటులోంచి శాంతమ్మ నన్ను పిలిచి జరిగి చోటిచ్చింది. ఆమెది హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం. ఖమ్మంలో కూతురి కాన్పుకని వెళుతోంది. నేను నర్సునని తెలిశాక ఇంకో రెండంగుళాలు జరిగింది. నా రుమాలు సంగతి విని జాలిపడింది.

“చేతిరుమాలును ఎవలు లెక్క జేస్తరు బిడ్డా? జర బరువున్నది ఎయ్యాలె. బరువున్నది జూస్తే మనిషి యాడికో పోలేదు, దగ్గర్నే ఉన్నడనుకుంటరు” అంది.

ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. దిగకపోయినా బాగుండేది.

మరిపెడ

ఈ బస్సుల గురించి నాకున్న కోపమంతా ఇక్కడే కక్కేస్తాను, ఎందుకంటే ఇక్కడ గంటన్నర ఊరికే కూర్చున్నాం. సీటులో కొబ్బరిపీచు ఎప్పుడో పోయింది, స్ప్రింగు మాత్రం మిగిలింది. నేను తెలివిగా దవాఖానలో రోగులకు వేసే రబ్బరు గాలిచక్రం ఒకటి తెచ్చుకున్నాను. దాన్ని నోటితో ఊదుతుంటే బస్సంతా నా వైపే చూసింది. వర్ధన్నపేట దాటాక దుమ్ము మొదలైంది. తొర్రూరు చేరేసరికి శాంతమ్మ జుట్టూ నా జుట్టూ ఒకే రంగులోకి వచ్చాయి. బయల్దేరే టైము పలక మీద రాసి ఉంటుంది గాని చేరే టైము ఎవరినడిగినా పైకి చూస్తారు.

మరిపెడలో ఇంజను పొగలు కక్కింది. డ్రైవరు నీళ్లు కావాలన్నాడు. బావి దూరం. అప్పుడు చూడాలి మన జనాన్ని. అంతవరకూ మోచేయి తగిలితేనే కస్సుమన్నవాళ్లు తలా ఒక చెంబు, కూజా, మరచెంబు పట్టుకుని లేచారు. శాంతమ్మ తన కూజా నీళ్లు మొత్తం ఇచ్చేసి, ఇంజనుకూ దాహమేస్తుంది కదా అంది. మగవాళ్లు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పోశారు. ఇంజను చల్లబడేదాకా రోడ్డు పక్కనే భోజనాలు. శాంతమ్మ సర్వపిండి తీసింది. బియ్యప్పిండిలో ఉల్లిపాయ, నువ్వులు దండిగా వేసి, అడుగు ఎర్రగా కాల్చింది. నేను మామిడికాయ తొక్కు, పెరుగన్నం తీశాను. రుమాలు పెద్దమనిషి దూరంగా ఒంటరిగా అటుకులు తింటుంటే చూడలేక సగం సర్వపిండి ఇచ్చి వచ్చాను. అంతటితో నా కోపం చల్లారింది.

ఆడవాళ్ల కష్టం మాత్రం చల్లారేది కాదు. డెబ్బయి మైళ్లు పోయే బస్సు ఎక్కడ ఆగినా మగవాళ్లు చెట్టు చాటుకు పోతారు. ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారు. నేను నర్సును కాబట్టి దీనివల్ల వచ్చే జబ్బులు నాకు తెలుసు. ఎప్పటికైనా మంచి బస్సులు చేస్తామనేవాళ్లు మెత్తటి సీట్ల కన్నా ముందు దీని సంగతి చూడాలి. రాయడానికి సిగ్గుపడితే ఎవరు చెబుతారు?

ఖమ్మం

సాయంత్రానికి ఖమ్మం చేరి, నాతో చదువుకున్న నర్సు ఇంట్లో పడుకున్నాను. బుధవారం పొద్దున తొమ్మిదింటికి సత్తుపల్లి బస్సు. అక్కడి నుంచి జంగారెడ్డిగూడేనికి ఇంకో బస్సు. సాయంత్రానికల్లా పెళ్లివారింట్లో కాఫీ తాగుతానని లెక్క.

బస్టాండులో సత్తుపల్లి పలక పెట్టిన బస్సు నిలబడి ఉంది. డ్రైవరు లేడు, కండక్టరు లేడు, జనం మాత్రం తలుపు దగ్గర ముసురుకుంటున్నారు. నాకేమో పైన చెప్పిన అవసరం వచ్చిపడింది. బస్టాండు వెనక ఎవరింటికైనా వెళ్లి అడుక్కోవాలి. ఈలోగా కిటికీ సీటు పోతుంది. శాంతమ్మ మాట గుర్తొచ్చింది. గుడ్డల సంచీ కిటికీ ఊచల మధ్య పట్టలేదు. చీర మూట పలకలా ఉంది, సులువుగా దూరింది. మూడో కిటికీ. సీటు నడిమధ్యన పడింది. ఎంత బాగా వేశానో అని మురిసిపోయాను కూడా.

పావుగంటలో వచ్చాను. అదే చోట, అదే రంగు బస్సు, సత్తుపల్లి పలక. ఎక్కి మూడో కిటికీ దగ్గరికి వెళితే భారీ మనిషి ఒకాయన తీరిగ్గా కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్న రుమాలుకు విలువ లేకపోయింది, ఇవాళ మూటకూ లేదా? గుడ్డ వేసిన సీట్లో కూర్చునే బుద్ధి ఎవరు నేర్పారని నిలదీశాను. నా మూట ఎక్కడ దాచావని అడిగాను. బస్సులో సగంమంది నా పక్షం చేరారు. ఆయనను లేవమన్నారు, ఒకాయన సీటు కింద వెతకడం మొదలుపెట్టాడు.

ఆయన చుట్ట ఆర్పి, “ఏవమ్మా, నేను కూర్చునేటప్పటికి ఇక్కడ ఏ గుడ్డా లేదండీ. ఉంటే కూర్చుంటానా? నాకూ ఆడపిల్లలున్నారండీ” అన్నాడు.

ఆ గొడవకు కండక్టరు లోపలికొచ్చి, నేను మూట ఎప్పుడు వేశానో అడిగి, నెత్తిన చేయి పెట్టుకున్నాడు. పావుగంట కింద అక్కడున్నది కొత్తగూడెం పోయే బస్సు. సత్తుపల్లి నుంచి వచ్చి, వచ్చిన ఊరి పలక మార్చకుండానే నిలబడింది. డ్రైవరు రాగానే పలక తిప్పేసి వెళ్లిపోయారు.

నిన్నటి నుంచి లోకానికి నీతులు చెబుతూ వచ్చాను. తీరా చూస్తే మా అమ్మ అంచును నా చేత్తో నేనే ఊరుగాని ఊరి బస్సులోకి విసిరేశాను. కొత్త పట్టు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ అంచు ఇంకొకటి ఈ భూమ్మీద లేదు. నేను అందరి ముందూ ఆ మాటే పైకి అనేశాను. చుట్టాయన లేచి నన్ను తన సీట్లో కూర్చోబెట్టాడు.

తల్లాడ

ఆయన పేరు వెంకటరత్నం. పొగాకు వ్యాపారి. సొంతూరు జంగారెడ్డిగూడెమే. నేను దొంగ అన్నంత పని చేసిన మనిషి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కండక్టరు చెప్పిందేమంటే, రెండు బస్సులకూ తల్లాడ దాకా ఒకటే రోడ్డు. అక్కడ కొత్తగూడెం బస్సు ఎడమకు తిరుగుతుంది, మాది సత్తుపల్లి వైపు పోతుంది. ఆ బస్సు వైరాలో టీకి ఆగుతుంది, పట్టుకోవచ్చు.

ఇక మా డ్రైవరుకు పూనకం వచ్చింది. దారిలో చెయ్యెత్తినవాళ్ల కోసం ఆగితే లోపలివాళ్లే వద్దు పోనివ్వమన్నారు. దిగాల్సిన ఇద్దరు బస్సు పూర్తిగా ఆగకముందే దూకేశారు. అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. వైరా చేరితే, టీ బండివాడు ఎడంచేత్తో రోడ్డు చూపించి ఇప్పుడే వెళ్లిందన్నాడు. తల్లాడలో అడిగితే తిరిగిపోయి అయిదు నిమిషాలైందన్నారు.

అక్కడ దిగాను. వెంకటరత్నంగారు తానూ దిగుతానంటే నేనే వద్దన్నాను. పెళ్లివారింటికి వెళ్లి, పెళ్లికొడుకు అక్క సలోమి క్షేమంగా ఉంది, రేపు పొద్దున్నే వస్తుందని చెప్పమన్నాను. చీర సంగతి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆయన గంభీరంగా తలూపాడు. ఆ ఒట్టు జంగారెడ్డిగూడెం పొలిమేర దాకా నిలబడిందని తర్వాత తెలిసింది.

కొత్తగూడెం వెళ్లే తర్వాతి బస్సు మధ్యాహ్నం రెండింటికి గాని రాదు. ఎండలో రోడ్డు పక్క తాటిముంజలు అమ్ముతున్న ముసలమ్మ పక్కన కూలబడ్డాను. డజను రెండణాలట. నయాపైసలు వచ్చి ఏళ్లయినా ఆమెకు అణాలే. నేను తినకుండా చేతిలో పట్టుకుని కూర్చుంటే కారణం అడిగింది. అంతా చెప్పాను. ఆమె ఇంకో ముంజ ఒలుస్తూనే జవాబిచ్చింది.

“గుడ్డ ఏసినవు గదా బిడ్డా. ఏసిన గుడ్డను ఎవ్వలు ముట్టరు. తిను.”

నాకు నమ్మకం కలగలేదు. అయినా ముంజలు తిన్నాను. మా వరంగల్ ముంజల కన్నా లేతగా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

కొత్తగూడెం

బొగ్గు ఊరు. ఆకాశం కూడా కాస్త మాసినట్టుంటుంది. నాలుగింటికి దిగి, ఆ బస్సు ఏదని అడిగితే చూపించారు. ఒక మనిషి బకెట్లతో దాన్ని కడుగుతున్నాడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మూడో కిటికీ దగ్గరికి పరుగెత్తాను. సీటు తడిసి మెరుస్తోంది. ఏమీ లేదు. సీట్ల కింద వంగి చూశాను. నీళ్లు తప్ప ఏమీ లేవు.

కడిగే మనిషి నన్ను చూసి, కండక్టరు యాకూబ్ ఎదుటి హోటల్లో ఉన్నాడు, అడగమన్నాడు.

హోటల్లో గని దిగి వచ్చినవాళ్లు కిటకిటలాడుతున్నారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడి సాసర్లలో టీ పోసుకుని తాగుతున్నారు. మూల బల్ల దగ్గర ఖాకీ చొక్కా మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పక్క కుర్చీలో మనిషి లేడు. కుర్చీలో నా మూట ఉంది. నాలుగు పిన్నులూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంత రద్దీలోనూ ఆ కుర్చీ జోలికి ఎవరూ పోలేదు.

నేను మూటను ఎత్తి గుండెకు హత్తుకున్నాను. యాకూబ్ తొందరపడకుండా, లోపల ఏముందని అడిగాడు. తెల్లపట్టు, హంసల జరీ అంచు అని తడుముకోకుండా చెప్పాక, సరే అని తలూపి టీ తెప్పించాడు. ఆయన పుట్టింది మా వరంగల్ మట్టెవాడలో. అది తెలియగానే నేను అక్కనైపోయాను.

జరిగింది ఆయన ఇలా చెప్పాడు. ఖమ్మంలో బస్సు కదిలాక మూట చూశాడు. మనిషి వెనక నిలబడి ఉంటుందనుకున్నాడు. వైరాలో ఎవరూ రాలేదు. తల్లాడ దాటాక ఏన్కూరులో జనం విరగబడి ఎక్కారు. ఒకాయన ఆ సీట్లో కూర్చోబోతే పక్కాయన గుడ్డ కనబడడం లేదా అని కసిరాడు. ఆయన తప్పయిందని లేచి నిలబడ్డాడు. అలా కొత్తగూడెం దాకా పద్నాలుగు మంది నిలబడే వచ్చారు, మా అమ్మ చీర కిటికీ పక్కన కూర్చుని వచ్చింది.

“నాకు సమజైందక్కా, మనిషి ఎన్కనే ఉండిపోయింది, ఇగ రాదని. తీసి ఎవలకన్న సీటిద్దామంటే చెయ్యి రాలె. వాళ్లు నిలబడ్డది గా మూటను నమ్ముకొని గాదు, మూట ఏసిన మనిషిని నమ్ముకొని” అన్నాడు యాకూబ్.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. దీనంతటికీ మూలం మీ పలకే అని తగులుకున్నాను. టికెట్టు మీద సీటు నంబరు వేస్తే ఈ గుడ్డల గోలే ఉండదన్నాను. యాకూబ్ నొచ్చుకోలేదు. నంబర్లు వస్తాయన్నాడు. మెత్తటి సీట్లు వస్తాయి, ఫ్యాన్లు వస్తాయి, వరంగల్‌లో ఎక్కి మారకుండా తిన్నగా జంగారెడ్డిగూడెంలో దిగే బస్సు వస్తుంది, దానికి తానే కండక్టరుగా పోవాలని ఆశ అన్నాడు. ఊరు పేరు దీపంలో వెలుగుతుందట. మార్చడం మరచిపోయే పనే లేదట. చెబుతుంటే ఆయన ముఖం నిజంగా వెలిగింది. కొంచెం ఆగి, “గానీ అప్పుడు ఖాళీ సీటు కోసం ఎవలు నిలబడ్తరక్కా?” అన్నాడు.

జంగారెడ్డిగూడేనికి ఇక రేపు పొద్దున ఆరింటికే బస్సు. యాకూబ్ నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య రజియా ఖట్టీదాల్ అనే పుల్లటి పప్పు, వేడి అన్నం, గుడ్డు పెట్టింది. మా చర్చి చుట్టాలింట్లో కూడా ఇంత మొహమాటం లేకుండా తినలేదు. తిన్నాక చీర చూపించమంది. పిన్నులు తీస్తుంటే ఆగమని, వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుని వచ్చింది. ఒక్క వేలితో హంసల మీదుగా నిమిరి, మా అమ్మ పేరు అడిగింది. కరుణమ్మ అని చెప్పాను. ఆ పేరు ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో.

అశ్వారావుపేట

గురువారం బస్సు ఆరింటికే బయల్దేరింది. యాకూబ్ వచ్చి డ్రైవరు చెవిలో నా కథ వేసి వెళ్లాడు. డ్రైవరు రాజలింగం తనదీ మా వరంగల్ పక్క స్టేషన్ ఘన్‌పూరేనని మొదలుపెట్టి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, తొమ్మిదిన్నరకు దింపుతానన్నాడు. ఇలాంటి మాట పైకి అనకూడదు. అడవి మధ్యలో వెనక చక్రం పేలింది. అదనపు చక్రం ఉంది, అందులో గాలి లేదు. పంపుతో మగవాళ్లు వంతులవారీగా గంట సేపు కొట్టారు. టేకుచెట్ల కింద కూర్చుని నేను నా గడియారం చూసుకోవడం మానేశాను.

అశ్వారావుపేటలో మామూలుగా అరగంట టిఫిను. మా తెలంగాణ టీ ఇక్కడితో ఆగి, ఆంధ్రా కాఫీ ఇక్కడ మొదలవుతుంది. ఇడ్లీ మీద అల్లప్పచ్చడి వాసన బస్సులోకే వచ్చింది. రాజలింగం ఇంజను ఆపకుండా వెనక్కి తిరిగి, ఆగుదామా పెండ్లికి పోదామా అని అడిగాడు. వెనక ఒక తాతగారు పొద్దున్నుంచి తన కడుపులో ఏమీ పడలేదని గొణిగాడు. ఆయన భార్య, ఇడ్లీలు రేపూ ఉంటాయండీ అంది. బస్సు కదిలింది. నలభై మంది ఆకలి నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టయింది. నాకెంత సంతోషంగా ఉందో అంత సిగ్గుగానూ ఉంది.

జంగారెడ్డిగూడెం

ఊళ్లోకి వచ్చేసరికి పదకొండు దాటింది. నడిరోడ్డు మీద వెంకటరత్నంగారు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నారు. బస్సును బస్టాండుకు పోనివ్వలేదు. ముందు నడుస్తూ చర్చి గేటు దాకా తీసుకెళ్లారు. దారిలో ప్రతి అరుగు మీద ఉన్నవాళ్లూ చీర దొరికిందా అని అడిగారు. అంటే ఊరందరికీ తెలుసు.

చర్చి మెట్ల మీద పెళ్లికూతురు మేరీ రత్నం నిలబడి ఉంది. పాస్టరుగారి భార్య తన తెల్లచీర కట్టించి, పూలు పెట్టి, లోపలికి నడిపించడానికి సిద్ధం చేశారు. పాస్టరుగారికి పన్నెండున్నరకు వేరే ఊళ్లో సమాధి ప్రార్థన ఉంది. ఆలస్యమైతే అక్కడ శవం ఎండలో ఉంటుంది. అది కాదనగలిగిన మాట కాదు. నేను మూట పెళ్లికూతురి చేతికిస్తే, ఆమె నాయనమ్మ మంచి ఉపాయమే చెప్పింది. తెచ్చిన చీర భుజం మీద కప్పి ప్రార్థన చేయిద్దాం, సాయంత్రం కట్టుకుంటుంది. అందరూ అదే సబబన్నారు. నేనూ సరేనన్నాను. రోడ్డు తిన్నగా పోతుందని వాదించి ఆలస్యం చేసుకున్నదాన్ని, ఇంకేమని అడగను?

మేరీ రత్నం మూట విప్పి అంచు చూసింది. తర్వాత పాస్టరుగారి వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయలేదు.

“పది నిమిషాలు చాలండి, అయ్యగారూ. నన్ను చేసుకునే ఆయన ఏమీ అడగలేదు, ఇది తప్ప. ఇది కట్టుకోకుండా లోపలికి రాలేనండి.”

పాస్టరుగారు గడియారం చూసి, మెడలోంచి గొలుసుతో సహా తీసి జేబులో వేసుకున్నారు. పది నిమిషాలన్నది పదకొండు చేయలేదు ఆ పిల్ల. పక్క గదిలో నేనే కుచ్చిళ్లు పట్టాను. చివరి పిన్ను పెడుతుంటే, “అత్తయ్యగారు ఇంత పొడుగుండేవారా, వదినగారూ?” అని అడిగింది. అమ్మ చీర కొలతకే వేయించిన అంచు ఆమె మడమల దాకా సరిగ్గా వచ్చింది. ఉండేదన్నాను.

నేను లోపలికి వచ్చి చూస్తే వెనక బెంచీలన్నీ మా బస్సు జనంతో నిండి ఉన్నాయి. ఏలూరు వెళ్లాల్సినవాళ్లు కూడా కూర్చున్నారు. ఇడ్లీ తాతగారు ముందుకు వంగి చూస్తున్నాడు. రాజలింగం స్టీరింగు దుమ్ము చేతులు తువాలుతో తుడుచుకుంటున్నాడు. మేరీ రత్నం నడిచొస్తుంటే ప్రకాశం ఆమె ముఖం చూడలేదు. నేల దగ్గర కదులుతున్న హంసలను చూశాడు. పాట అయ్యింది, వాక్యం అయ్యింది. ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని పాస్టరుగారు అడిగారు. వాడికి నోరు పెగల్లేదు. ఆయన మళ్లీ అడిగారు. వాడి పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నేను ఏడుస్తున్నాను, నాన్న ఏడుస్తున్నారు, వాడికి అందించడానికి మాలో ఎవరికీ గొంతు లేదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి రాజలింగం మెల్లగా, “చెప్పు తమ్మీ” అన్నాడు.

వాడు చెప్పాడు.